ఖబరు ముఫ్త్‌గా ఇవ్వడం ఎహసాన్ కాదు

“మాల్-ఎ-ముఫ్త్, దిల్-ఎ-బేరహమ్” అని ఉర్దూలో ఒక సామెత ఉంది. ఊరికే దొరికిన సరుకు మీద ఎవడికీ జాలి ఉండదు, ఎడాపెడా వాడేస్తాడు అని అర్థం. ఈ మధ్య తెలుగు అఖ్బార్ల వాళ్ళు మన గురించి అంటున్న మాటలకు సారాంశం ఇదే. “ఇన్నేళ్ళు ఇంటర్నెట్‌లో పేపరు ముఫ్త్‌గా చదివారు. పైసా ఇవ్వలేదు. ఇంటికి పేపరు వేయించుకోవడం కూడా మానేశారు. ఇక తాళం వేయక ఏం చేస్తాం?” అంటున్నారు. కొందరు వేసేశారు కూడా. వెబ్‌సైటు మొదటి పేజీ బార్లా తెరిచి ఉంటుంది. సినిమా వాళ్ళ పెళ్ళిళ్ళు, రాశిఫలాలు, వైరల్ వీడియోలు ఎన్నైనా చూసుకోవచ్చు. జిల్లా పేజీ దగ్గరకు వెళ్తే మాత్రం లాగిన్ అవ్వు, ఫోన్ నంబరివ్వు, చందా కట్టు అంటుంది.

ఇది తలకిందుల బేరం అని నా శికాయత్. అమ్ముకోదగ్గ దాన్ని ముఫ్త్‌గా పంచుతున్నారు, పంచాల్సిన దానికి తాళం వేస్తున్నారు. పైగా ఇన్నాళ్ళు ఖబరు ఊరికే చదవనివ్వడం పత్రికల మాలిక్‌లు ఆవాంకు చేసిన ఎహసాన్ అన్నట్లు మాట్లాడుతున్నారు. నా లెక్కలో అది బాకీ. ఆవాం దగ్గర ముందే తీసుకున్న దానికి బదులు. ఎంత తీసుకున్నారో హిసాబ్ చూద్దాం.

కాగితం పేపరు ధరతో మొదలుపెడతాను. పొద్దున్నే గుమ్మంలో పడే పేపరుకు మనమిచ్చే డబ్బులో ఏజెంటు కమీషను పోతుంది, సైకిలు మీద తిరిగి వేసే కుర్రాడి వాటా పోతుంది. మిగిలింది న్యూస్‌ప్రింటు ఖర్చుకే చాలదని మాలిక్‌లే చెబుతుంటారు. నెలాఖరున ఆ కాగితాలన్నీ తూకానికి వేస్తే రద్దీవాలా మనకు కొంత తిరిగి ఇస్తాడు కూడా. మరి ఇన్నేళ్ళు పేపరు దేని మీద నడిచింది? ఇష్తిహార్ల మీద. ఇంతమంది చదువుతారని లెక్క చూపించి, మన కళ్ళను నగల దుకాణానికీ, కార్పొరేట్ కాలేజీకీ అమ్మి నడిపారు. పాఠకుడి చందా ఎప్పుడూ అసలు ఆమ్దానీ కాదు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఆ ఇష్తిహార్ల డబ్బును గూగుల్, ఫేస్‌బుక్ ఎత్తుకుపోయాయి. నిజమే, పత్రికలకు అది పెద్ద నుక్సానే. కానీ జేబు కొట్టినవాడు ఒకడైతే జరిమానా ఇంకొకడి మీద వేయడం ఎక్కడి ఇన్సాఫ్?

ఆ ఇష్తిహార్లలో సర్కారు ఇష్తిహార్ల సంగతి విడిగా చెప్పాలి. కేంద్రంలో ఇదివరకు డీఏవీపీ అనేవారు, ఇప్పుడు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్. రాష్ట్రాల్లో సమాచార, పౌరసంబంధాల శాఖ. పథకం మొదలైతే ఫుల్ పేజీ, దానికి ఏడాది నిండితే ఫుల్ పేజీ, ముఖ్యమంత్రి చేతులు జోడించి నవ్వుతూ. ఏ పార్టీ వచ్చినా ఇంతే. ఏ అఖ్బారుకు దోచిపెట్టారు, ఏ అఖ్బారును ఎండగట్టారు అని జరిగే తగాదాలు కూడా ఏ పార్టీ వచ్చినా ఇంతే. ఆ డబ్బు ముఖ్యమంత్రి ఇంట్లోంచి రాలేదు, ఖజానాలోంచి వచ్చింది. ఆ ఖజానాలో సబ్బుబిళ్ళ కొన్న ముసలమ్మ కట్టిన పన్ను కూడా ఉంది. అచ్చు పేపరు మీద జీఎస్‌టీ లేదు. రిజిస్టరైన పత్రికకు తపాలాలో రాయితీ ఉంది. అక్రెడిటేషన్ కార్డున్న విలేకరికి ఆర్టీసీ బస్సు పాసు ఉంది. ఇవన్నీ ఎందుకిస్తున్నాం? సబ్బుల కంపెనీకి ఇవ్వడం లేదు కదా. ఖబరు పదిమందికీ చేరడం ముల్క్‌కు అవసరమని ఒప్పుకున్నాం గనుక ఇస్తున్నాం. ఇవ్వడం మీద నాకు పేచీ లేదు. తీసుకునేటప్పుడు ‘మాది ప్రజాసేవ’ అని, ఇవ్వాల్సి వచ్చినప్పుడు ‘మాది తిజారత్’ అనడం మీదే నా పేచీ.

ఈ వాదన నేను కనిపెట్టింది కాదు. పత్రికల మాలిక్‌లే ఒకప్పుడు అదాలత్‌లో నిలబడి చేసిన వాదన. 1956లో పార్లమెంటు దినపత్రికల ధర, పేజీల చట్టం తెచ్చింది. ఇన్ని పేజీలిస్తే ఇంత ధర పెట్టాలి అని సర్కారు నిర్ణయించే చట్టం. పెద్ద పేపర్లు చవగ్గా ఎక్కువ పేజీలిచ్చి చిన్న పేపర్లను మింగెయ్యకుండా ఆపడానికని సర్కారు చెప్పింది. 1960లో దాని కింద ఆర్డరు వచ్చింది. పూనా నుంచి వచ్చే మరాఠీ దినపత్రిక ‘సకాళ్’ దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. వాళ్ళ వకీళ్ళ వాదన ఏమిటంటే, ఈ లెక్కన మేం ధర పెంచాలి, లేదా పేజీలు తగ్గించాలి. ధర పెంచితే కొనేవాళ్ళు తగ్గుతారు. కొనేవాళ్ళు తగ్గితే మా మాట చేరే చోట్లు తగ్గుతాయి. కాబట్టి ఇది రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛ మీద దెబ్బ. కోర్టు ఒప్పుకుంది. 1961 సెప్టెంబరులో అసలు నిబంధననూ ఆర్డరునూ కొట్టేసింది. అంతకుముందు 1950లో మద్రాసు సర్కారు ‘క్రాస్ రోడ్స్’ అనే పత్రిక రాష్ట్రంలోకి రాకుండా నిషేధిస్తే, రొమేశ్ థాపర్ కేసులో ఆ నిషేధాన్ని కూడా ఇదే కోర్టు కొట్టేసింది. అచ్చు వేసుకునే స్వేచ్ఛ ఒక్కటే చాలదు, పంచుకునే స్వేచ్ఛ కూడా అందులో భాగమే అని.

నేను వకీలును కాను. ఈ ఫైసలాలు సర్కారు చేతులు కట్టేవే తప్ప, మాలిక్ తన సరుకుకు తాను ధర పెట్టుకోకుండా ఆపేవి కావని నాకూ తెలుసు. కానీ గైరత్ అనేదొకటి ఉంటుంది. ధర పెరిగితే ఖబరు చేరదు, ఖబరు చేరకపోతే స్వేచ్ఛ ఉండదు అని వాదించి గెలిచిన బిరాదరీయే ఇప్పుడు ధర పెడితే ఏం తప్పు అంటే, ఆనాటి గవాహీని ఏ గంగలో కలిపినట్టు?

ఇక అన్నిటికన్నా నాకు కడుపు మండే సంగతి చెబుతాను. పూర్వం సర్కారు ఏదైనా చెప్పాలంటే ఊళ్ళో మునాది వేయించేది. తెలుగులో దండోరా అంటాం, చాటింపు అంటాం. డప్పు కొట్టే మనిషి ప్రతి వీధి మొదట్లో ఆగి చెప్పేవాడు. గుమ్మంలో నిలబడ్డ ప్రతివాడికీ వినబడేది. విన్నందుకు ఎవరూ పైసా ఇచ్చేది లేదు. ఆ డప్పు ఇప్పుడు అఖ్బారు చేతికి వచ్చింది. 2013 భూసేకరణ చట్టం చూడండి. సెక్షన్ 11 ప్రకారం ప్రాథమిక నోటిఫికేషనును ఆ ప్రాంతంలో తిరిగే రెండు దినపత్రికల్లో వేయాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. అక్కడినుంచి అభ్యంతరం చెప్పుకోవడానికి సెక్షన్ 15 ఇచ్చే గడువు 60 రోజులు. అప్పు తీర్చలేనివాడి ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుంటే ఆ నోటీసు కూడా రెండు పత్రికల్లో వేయాలి, ఒకటి స్థానిక భాషలో. కోర్టు సమన్లు చేతికి అందించడం కుదరకపోతే పేపర్లో వేయమని జడ్జి చెప్పవచ్చు. అలా వేశాక ‘నాకు తెలియదు హుజూర్’ అంటే చెల్లదు. చట్టం దృష్టిలో పేపర్లో పడింది అంటే నీకు తెలిసింది అనే. ఆ నోటీసు వేసినందుకు పత్రిక సెంటీమీటరు లెక్కన డబ్బు తీసుకుంటుంది. కొట్టినందుకు సర్కారు దగ్గర ఒకసారి తీసుకుని, విన్నందుకు మన దగ్గర ఇంకోసారి అడిగే డప్పువాణ్ణి మీరెక్కడైనా చూశారా?

మా ఖాలా కొడుకు కువైట్‌లో డ్రైవరు. కడప, రాయచోటి వైపు నుంచి అక్కడ ఎంతమంది ఉన్నారో ఆ వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. డ్యూటీ అయ్యాక గదిలో పడుకుని ఫోన్లో తెలుగు పేపరు చదవడం వాడికి రోజూ ఉండే షౌకు. ఊళ్ళో వాడికి 80 సెంట్ల చేను ఉంది. ఒకరోజు ఫోన్ చేసి, “భాయ్, మన చేను కాలవలో పోతుందంట, పేపర్లో పడిందంట, నువ్వు చూశావా?” అన్నాడు. నేనుండేది వేరే జిల్లా. మా జిల్లా ఎడిషన్‌లో వాళ్ళ జిల్లా నోటీసులు రావు. వాడు రోజూ చదివే ముఫ్త్ వెబ్‌సైటులోనూ రావు, అక్కడ ఉండేది వార్తలూ వీడియోలే. నోటీసు ఉండేది ఈ-పేపరు జిల్లా పేజీలో. ఆ పేజీకి తాళం. చందా కడదామంటే కువైట్ బ్యాంకు కార్డు తీసుకోలేదు, ఓటీపీ ఇండియా నంబరుకే వస్తానంది. పక్క చేను వాళ్ళ అబ్బాయి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఫోటోలో సర్వే నంబరు చివరి అంకె మూడో ఎనిమిదో తెలియలేదు.

చివరికి నేనే ఇక్కడినుంచి చందా కట్టి తెరిచాను. అప్పటికి నోటీసు పడి 43 రోజులు. ఆ ఈ-పేపరులో కనబడేది వెనక్కి 30 రోజుల సంచికలే! డబ్బు కట్టినవాడికి కూడా ఆ తారీఖు లేదు. ఫోన్ చేస్తే ‘పాతవి సిస్టంలో ఉండవండి’ అని జవాబు. ఊళ్ళో పేపరు ఏజెంటు దగ్గర అమ్ముడుపోని కట్టలో ఆ కాగితం దొరికింది. 56వ రోజున వాడి తరఫున అభ్యంతరం వేశాం. ఈ నోటిఫికేషను పంచాయతీ ఆఫీసులో, తహసీలు ఆఫీసులో అంటించాలి, సర్కారు వెబ్‌సైటులో కూడా పెట్టాలి అని అదే చట్టంలో ఉంది. అంటించారట కూడా. ఆ గోడ కువైట్‌కు కనబడదు. కనబడేది అఖ్బారు ఒక్కటే, దానికేమో తాళం.

పత్రిక పేరు రాయడం లేదు. ఆ ఒక్కదానికే ఉన్న జబ్బయితే రాసేవాణ్ణి.

ఈ మాటలు అంటే పత్రికల వాళ్ళు వెంటనే తీసే దలీల్ న్యూయార్క్ టైమ్స్. “చూడండి, చందా పెట్టి బతికి బట్టకట్టింది” అంటారు. ఆ కథ సగం నుంచి చెబుతారు. 2005 సెప్టెంబరులో ఆ పత్రిక ‘టైమ్స్ సెలెక్ట్’ అని పెట్టి, పేరున్న కాలమిస్టుల వ్యాసాలకూ పాత వార్తలకూ తాళం వేసింది. ఏడాదికి 49.95 డాలర్లు. కాగితం పేపరు తెప్పించుకునేవాళ్ళు కాకుండా 2,27,000 మంది విడిగా డబ్బు కట్టారు. ఏడాదికి సుమారు కోటి డాలర్లు వచ్చాయి. అయినా రెండేళ్ళకే, 2007 సెప్టెంబరులో, తాళం తీసేశారు. సర్చ్ ఇంజన్ల దారిలో వచ్చే కొత్త పాఠకులు దర్వాజా దాకా వచ్చి వెనక్కి పోతున్నారు, వాళ్ళను లోపలికి రానిస్తే ఇష్తిహార్ల మీద అంతకన్నా ఎక్కువ రాబట్టుకోవచ్చు అని వాళ్ళ లెక్క. అప్పుడే 1987 నుంచి వచ్చిన వార్తలన్నీ, వాటితోపాటు 1851 నుంచి 1922 దాకా ఉన్న పాతవీ ముఫ్త్ చేశారు. ఈ ముక్క మన వాళ్ళు చెప్పరు.

2011 మార్చిలో మళ్ళీ లెక్క మార్చారు. నెలకు 20 వ్యాసాలు ముఫ్త్, ఆపైన చందా. ఈసారి నిలబడింది, ఇప్పుడు చందాదార్లు కోటి దాటారు. ఆ కోటి మందిలో పదకేళీల కోసం, వంటల కోసం కట్టేవాళ్ళు కూడా ఉన్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మాత్రం ఆ ఖబర్ల మీద తాళం తీసి అందరికీ చదవనిచ్చారు. ప్రాణం మీదకు వచ్చే ఖబరును చందా వెనక దాచకూడదని వాళ్ళకు అర్థమైంది. మన దగ్గర రైతుకు భూమి నోటీసు అలాంటి ఖబరే.

అయినా ఇంగ్లీషు చదివే దునియా అంతా న్యూయార్క్ టైమ్స్‌కు బజారు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల పైచిలుకు, అందులో కార్డుతో నెలనెలా చందా కట్టగలిగేవాళ్ళు ఎందరు? కట్టగలిగేవాడు ఇంగ్లీషు పేపరుకు కడతాడు. కట్టలేనివాడు వాట్సాప్‌లో వచ్చింది చదువుతాడు. అక్కడ తాళాలు లేవు. ఏ ఊళ్ళో ఏ గొడవ జరిగినా అబద్ధం పది నిమిషాల్లో అన్ని ఫోన్లకూ చేరుతుంది. దాన్ని కాదని చెప్పే విలేకరి వార్త మాత్రం లాగిన్ పేజీ వెనక కూర్చుని ఉంటుంది. పోనీ తాళం లేకుండా బతికే దారే లేదా అంటే, ఇంగ్లండ్‌లో గార్డియన్ ఉంది. వార్త మొత్తం చదవనిచ్చి, కింద ‘మీకు చేతనైతే సాయం చేయండి’ అని అడుగుతుంది. పది లక్షలకు పైగా మనుషులు క్రమం తప్పకుండా ఇస్తున్నారు. “దాని వెనక 1936 నుంచీ ఒక ట్రస్టు డబ్బు ఉంది, మా వెనక ఏముంది?” అంటారేమో. మీ వెనక ఖజానా ఉంది జనాబ్, పైన హిసాబ్ అంతా అదే కదా.

మాలిక్‌ల సవాళ్ళలో నేను తేలిగ్గా తీసిపారేయనిది ఒక్కటే. “అంతా ముఫ్త్ అంటే రిపోర్టరు జీతం ఎవరిస్తారు?” అన్నది. ఖబరు ఆకాశంలోంచి రాలదు. వర్షంలో మోటారుసైకిలు మీద వెళ్ళి తెచ్చేవాడు ఉంటాడు. అయితే ఆ మనిషికి పేపరు కాపీలు లక్షల్లో అమ్ముడైన రోజుల్లో ఏమిచ్చారు? మండలాల్లో పనిచేసే కంట్రిబ్యూటర్ల బతుకు ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా తెలియనిదెవరికి? అచ్చయిన వార్తకు కొలత లెక్కన ఇంత అని ఇచ్చే చోట్లున్నాయి, అదీ ఇవ్వని చోట్లున్నాయి. పంద్రాగస్టుకు, జనవరి 26కు, ఎమ్మెల్యే పుట్టినరోజుకు ఇన్ని వేల రూపాయల ఇష్తిహార్లు తేవాలని టార్గెట్టు మాత్రం అందరికీ ఉంటుంది. సర్పంచి దగ్గర ఇష్తిహారు అడిగినవాడు అదే సర్పంచి మీద వార్త ఏం రాస్తాడు? మజీఠియా వేజ్ బోర్డు సిఫారసులను 2011 నవంబరులో కేంద్రం నోటిఫై చేస్తే పత్రికల మాలిక్‌లు దాన్ని కొట్టేయమని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014 ఫిబ్రవరిలో ఓడిపోయారు. ఆ తర్వాత కూడా ఇవ్వడం లేదని జర్నలిస్టులు మళ్ళీ కోర్టు ధిక్కారం కేసులు వేసుకోవాల్సి వచ్చింది. మజూరీ ఎగ్గొట్టడానికి అదాలత్ దాకా పోయినవాళ్ళు ఇప్పుడు ఆ మజ్దూరు భుజం మీద తుపాకీ పెట్టి మనవైపు గురి చూడటం బాగాలేదు. చందా పెడితే ఆ చందాలో కంట్రిబ్యూటరుకు ఇంత వాటా అని రాసి చూపించమనండి. మొదటి చందా నేను కడతాను.

ముఫ్త్ అన్న మాటకే ఇంకో మెలిక ఉంది. దర్వాజా తెరిచినంత మాత్రాన ఇవ్వడం అవదు. 2000ల మొదట్లో తెలుగు పేపర్లు ఇంటర్నెట్‌లో చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఒకదాని ఫాంటు ఇంకోదానికి పనిచేయదు. ఫాంటు దిగకపోతే తెరమీద ఇంగ్లీషు అక్షరాల చెత్త కనబడేది. సర్చ్ ఇంజన్‌కూ ఆ చెత్తే కనబడేది గనుక వెతికితే ఒక్క వార్త దొరికేది కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీ నుంచి కంప్యూటర్లలో తెలుగు ఫాంటు కూడా వచ్చింది, అయినా మన పెద్ద పత్రికలు ఏళ్ళ తరబడి తమ సొంత ఫాంటును పట్టుకుని వేలాడాయి. ఆ బాధ పడలేక ‘పద్మ’ అని ఫైర్‌ఫాక్స్‌కు ఒక చిన్న ఉపకరణం తయారైంది. పత్రికల ఫాంట్లలోని వార్తలను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. లక్షల కాపీల పత్రికలు చేయని ఖిద్మత్ అది చేసింది. మన జబాన్ మీద వాళ్ళకున్న మొహబ్బత్ అంత!

ఇప్పుడు వెబ్‌సైట్లు యూనికోడ్‌లోకి వచ్చాయి గానీ, ఈ-పేపరు చాలాచోట్ల ఇంకా బొమ్మే. పేజీని ఫోటో తీసి పెట్టినట్టు. చూపులేనివాడి ఫోను దాన్ని చదివి వినిపించలేదు. ఊరి పేరు కొట్టి వెతికితే దొరకదు. నోటీసులు ఉండేదేమో సరిగ్గా ఆ బొమ్మలోనే. ఇక పాతవి సరేసరి. ఇదొక వింత చూడండి. 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక, 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రిక, వీటి పాత సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ముఫ్త్‌గా చదువుకోనిచ్చింది. అంటే స్వాతంత్ర్యానికి ముందు ఏ ఊళ్ళో ఏ సభ జరిగిందో నేను ఇంట్లో కూర్చుని చదవవచ్చు. 2006లో మా ఊళ్ళో ఏం జరిగిందో చదవాలంటే పత్రికాఫీసు గేటు దగ్గర నిలబడి సెక్యూరిటీ మనిషిని బతిమాలుకోవాలి. అప్పట్లో వెబ్‌సైటులో పెట్టిన లింకులేమో చచ్చిపోయాయి. నిన్న ఏ నాయకుడు ఏ వాగ్దానం చేశాడు, ఏ పత్రిక ఎవరిని నెత్తిన పెట్టుకుంది, ఎవరిని తిట్టింది అనేదానికి దస్తావేజు అఖ్బారే. ఆ దస్తావేజు మాయమైతే ఎవరికి ఫాయిదానో మీరే ఆలోచించుకోండి. వెనక్కి తిరిగి చూడనివ్వకపోవడం నాయకుడికే కాదు, ఒక్కోసారి పత్రికకు కూడా కలిసొస్తుంది.

నా మాటను అందరికీ అంటగట్టకండి. సర్కారు ఇష్తిహారు తీసుకోకుండా, చట్టం నోటీసులు వేయకుండా, నలుగురు జర్నలిస్టులు కలిసి పాఠకుల చందా మీదే నడుపుకునే చిన్న వెబ్‌సైట్లు ఉన్నాయి. వాళ్ళకు ఆవాం బాకీ పెట్టలేదు. వాళ్ళు తాళం వేసుకుంటే అది వాళ్ళ హక్కు, చేతనైనవాళ్ళు చందా కట్టాలి కూడా. నాలుగు పేజీల చిన్న ఉర్దూ, తెలుగు అఖ్బార్లు అప్పుల మీద నడుస్తుంటాయి, వాటి జోలికీ నేను పోను. పెద్ద పత్రికలు కూడా అమ్ముకోదగ్గవి అమ్ముకోవచ్చు. ఆదివారం పుస్తకం అమ్ముకోండి. సీరియళ్ళు, వంటలు, పదకేళీలు, సినిమా ముచ్చట్లు, ఎంసెట్ మోడల్ పేపర్లు, అన్నిటికీ తాళాలు వేసుకోండి. షౌకు ఉన్నవాడు కడతాడు. జిల్లా వార్త, చట్టం వేయమన్న నోటీసు, పాత సంచిక, ఈ మూడింటి మీద నుంచి చెయ్యి తీయమంటున్నాను.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఇష్తిహార్లిచ్చే పత్రికల జాబితా తయారు చేసేటప్పుడు సమాచార శాఖ సర్క్యులేషన్ లెక్క అడుగుతుంది, రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది. ఆ కాగితంలోనే ఇంకో షరతు కలిపితే సరిపోతుంది. సర్కారు డబ్బుతో అచ్చయిన ప్రతి నోటీసూ అదే రోజు ఆ పత్రిక వెబ్‌సైటులో లాగిన్ లేకుండా, బొమ్మగా కాక యూనికోడ్ అక్షరాల్లో ఉండాలి. జిల్లా పేజీలు కూడా అలాగే ఉండాలి. ఏ లింకూ పదేళ్ళ లోపు తీసేయకూడదు. కాదన్న పత్రికకు ఇష్తిహారు ఆపేయాలి. ఏ వార్త రాయాలో, ఏది రాయకూడదో చెప్పే షరతు ఇందులో ఒక్కటీ లేదు గనుక ‘పత్రికా స్వేచ్ఛ’ అనే బహానా ఇక్కడ పనిచేయదు.

రెండు రాష్ట్రాల సమాచార శాఖ కమిషనర్లకూ ఈ నెలలోనే అర్జీ పంపుతున్నాను. మీ జిల్లా ఈ-పేపర్లలో నోటీసుల పేజీ డబ్బు కట్టకుండా తెరుచుకుంటుందో లేదో, వెనక్కి ఎన్ని రోజుల సంచికలు కనబడుతున్నాయో ఒకసారి చూసి, పత్రిక పేరు, ఎడిషను, తారీఖు వేసి నాకు రాయండి. అర్జీతోపాటు జత చేస్తాను.